పది గ్రాముల లోటు

బంగారప్పని చేసే పెద్దాయన కోడలు ఒంటి నాజూకు చెడుతుందని పిల్లకు పాలివ్వడం లేదట. ఈ మాట ఇస్త్రీ బండి ఆవిడ అన్నదని కుట్టుమిషను ఆవిడ చెప్పిందట. కుట్టుమిషను ఆవిడ చెప్పిందని పెద్దాయన భార్య కుళాయి దగ్గర్నుంచి బిందెతోపాటు మోసుకొచ్చింది. బిందెనైతే గట్టుమీద దించింది గాని మాటను మాత్రం దించలేదు.

అసలు సంగతి చెప్పకపోయావా అన్నాడు పెద్దాయన. చెప్పిందట. పాలలో ఉండే ఒక పదార్థాన్ని పిల్ల ఒళ్లు అరిగించుకోలేదనీ, అది రక్తంలో పేరుకుపోతే మెదడు దెబ్బతింటుందనీ, ఎన్ని వేలమందిలోనో ఒక్కరికి ఇలా వస్తుందనీ చెప్పిందట. ఆ పదార్థం తీసేసిన పొడిని ప్రభుత్వాసుపత్రివాళ్లే డబ్బాల్లో ఇస్తున్నారనీ, రోజుకు ఆరుసార్లు ఆ పొడి కలిపి పట్టాలనీ, తల్లిపాలు రెండంటే రెండుసార్లే ఇవ్వాలనీ విడమరిచి మరీ చెప్పిందట. కుట్టుమిషను ఆవిడ అంతా శ్రద్ధగా విని, రెండుసార్లతో ఏ తల్లి ప్రాణం ఊరుకుంటుంది వదినా, చాటుగా పట్టేస్తూ ఉంటుంది చూసుకో అందట.

అంటే ఒక్క బిందె నిండేలోగా కోడలు పాలివ్వని తల్లీ అయింది, దొంగచాటుగా ఇచ్చే తల్లీ అయింది.

పెద్దాయన మొదటి మాటకు నవ్వాడు. రెండోమాటకు నవ్వు రాలేదు. ఎందుకంటే ముందురోజు సోమవారం ఆసుపత్రిలో డైటు మేడమ్ కూడా అదే అడిగింది. పిల్ల మడమమీద గుచ్చి, అట్టమీద రక్తం చుక్కలు ఆరబెట్టి పంపితే వచ్చిన లెక్క ఆవిడ చేతిలో ఉంది. ఉండాల్సినదానికి రెండింతలు. ఆవిడ కాగితం మీంచి తలెత్తి, "ఇంట్లో ఎన్నిసార్లు పడుతున్నావమ్మా? నిజం చెప్పు" అంది. కోడలు రెండే అంది. డబ్బాపాలు తాగాక కూడా పిల్ల పెదాలు చప్పరిస్తూ ఏడుస్తోందని, ఆ పాలు పల్చగా ఉన్నట్టు అనిపిస్తోందని కూడా అంది. మేడమ్ మొదటి జవాబు రాసుకుంది గాని రెండోది రాసుకోలేదు. వచ్చే సోమవారం మళ్లీ చూస్తామనీ, అప్పుడూ ఇలాగే ఉంటే పిల్లను వార్డులో పెట్టుకుని నర్సులే పాలు పడతారనీ, తల్లి బయట బెంచీమీద కూర్చోవలసిందేననీ చెప్పింది. ఈ వయసులో మెదడుకు తగిలిన దెబ్బ మళ్లీ మానదని కూడా చెప్పింది. ఆ మాట మాత్రం పెద్దాయనవైపు తిరిగి చెప్పింది, ఇంటికి పెద్ద కాబట్టి.

వీధిలో పెద్దాయనకు వీసంగారని పేరు. వీసమెత్తు తేడా వచ్చినా ఒప్పుకోడని పెట్టారు. ముందుగదిలో కిటికీ పక్కన ఆయన పనిబల్ల, బల్లమీద నాలుగువైపులా గాజుతలుపులున్న చిన్న కాటా. ఫాను గాలి తగిలినా అంకె కదులుతుంది గనక, తూకం వేసేటప్పుడు ఇంట్లో ఫాను ఆగిపోవాలి. వేసవిలో ఇంటిల్లిపాదీ చెమటలు కక్కుకుంటూ ఆయన తూకం అయ్యేదాకా విసనకర్రలు పట్టుకు కూర్చుంటారు. మనుషులు ఒక్కోసారి ఒక్కో మాట చెబుతారని, కాటా అడిగిన ప్రతిసారీ ఒకటే చెబుతుందని ఆయనకు నలభై ఏళ్లుగా నమ్మకం.

ఆ సాయంత్రం కోడలు స్నానానికి వెళ్లింది. పిల్ల ఉయ్యాల్లో పడుకుంది. పెద్దాయన వంటింట్లోకి వెళ్లి, అలమరలోంచి పొడి డబ్బా తీసి, తెచ్చి కాటామీద పెట్టాడు. అంకె చూసి, పాత రసీదు వెనకవైపు రాసుకుని, డబ్బాను మళ్లీ యథాస్థానంలో పెట్టేశాడు. మూతమీద కప్పిన తెల్లగుడ్డ అంచు ఎటువైపు ఉందో చూసుకుని మరీ కప్పాడు. ఆయన చేసిన పని భార్యకు కనబడింది. ఏమిటని ఆవిడ అడగలేదు.

ఆసుపత్రి కాగితంలో లెక్క తేటగా ఉంది. చెంచాకు ఐదు గ్రాములు, పూటకు రెండు చెంచాలు, రోజుకు ఆరుసార్లు. అంటే అరవై గ్రాములు. బుధవారం సాయంత్రం అదే వేళకు మళ్లీ తూచాడు. యాభై తగ్గింది. గురువారం తూచాడు. మళ్లీ యాభై. అటూ ఇటూ పాయింట్లలో తేడా, అంతే.

రోజుకు పది గ్రాముల లోటు. పది గ్రాములంటే సరిగ్గా ఒక పూట పొడి. ఒక పూట పొడి కలపకపోతే ఆ పూట పిల్ల ఏం తాగినట్టు? ఆ ప్రశ్నకు జవాబు కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం రాలేదు ఆయనకు. నిజం చెప్పాలంటే జాలి వేసింది. చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పిల్ల, పనిలో ఇంత పొల్లు పోనివ్వని మనిషి, కడుపున పుట్టిన బిడ్డ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆపుకోలేకపోతోంది పాపం అనుకున్నాడు. కానీ అడగడం ఎలా? కోడలితో చంటిపాల సంగతి ఎత్తే మామగారు ఎక్కడుంటాడు? భార్యతో చెబితే కుళాయి దాకా పోతుంది. కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు, వాడి బతుకులో సగం రెండు అంతస్తుల మధ్యే గడుస్తుంది. ఇంట్లోనూ అంతే, తల్లికీ పెళ్లానికీ మధ్య ఆగిపోయి ఎటూ తలుపు తెరుచుకోక నిలబడి ఉంటాడు. వాడితో చెప్పి ప్రయోజనం లేదు.

శుక్రవారం పొద్దున్నే రసీదు కాగితం జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. పన్నెండో నంబరు గది ముందు రెండు గంటలు కూర్చున్నాక మేడమ్ పిలిచింది. ఆయన కాగితం ఆవిడ ముందు పెట్టి, వేలితో ఒక్కొక్క అంకె చూపించాడు. తన నోటితో కోడలిమీద ఒక్క మాట కూడా అనలేదు. అంకెలే చెప్పాయి. మేడమ్ ఫైలు తెప్పించి అందులో ఎర్ర ఇంకుతో ఒక వాక్యం రాసింది. తలకిందులుగా చదవడం ఆయనకు అలవాటే, బల్లకు అవతలివైపు కూర్చున్న గిరాకీల చిట్టీలు చదివీ చదివీ వచ్చిన విద్య. తల్లి సూచనలు పాటించడం లేదు అని రాసి ఉంది. సోమవారం దాకా తల్లిపాలు పూర్తిగా ఆపేయమని, ఎనిమిదిసార్లూ పొడిపాలే పట్టమని, పెద్దవాళ్లు దగ్గరుండి చూడమని చెప్పింది. చెప్పి, ఆయన కళ్లముందే కోడలికి ఫోను చేసింది. మీ మామగారు తూచి తెచ్చారమ్మా అంది ఫోనులో. అవతల్నుంచి ఏం వినబడిందో గాని, మేడమ్ రెండుసార్లు హలో హలో అని పెట్టేసింది.

ఆయన ఇల్లు చేరేసరికి కోడలు ఉయ్యాల పక్కన నేలమీద కూర్చుని ఉంది. పిల్ల నోరు తెరిచి వెతుక్కుంటోంది. కోడలు ఆయనవైపు చూసింది. ఆ చూపులో కోపమేమీ లేదు. కొత్తగా వచ్చిన మిషనును ఏ భాగం ఎక్కడుందో చూసుకునేట్టు ఆయన్ని చూసింది. ఆయన చెప్పుల జత సరిగ్గా పెట్టడంలో పడ్డాడు.

భార్య మాత్రం చురుగ్గా ఉంది. పాత దుప్పటి ఒకటి తీసి అంచు పళ్లతో కొరికి నిలువునా చింపింది. ఆ చప్పుడు ముందుగదిలోకి బాగానే వినబడింది. పాలు చేపుకొచ్చినప్పుడల్లా మనసు లాగుతుందే అమ్మాయ్, గట్టిగా కట్టేస్తే బాధా ఉండదు, మాటా ఉండదు, రేపు ఎవరైనా ఏమన్నా అంటే కట్టు చూపించి మరీ చెబుతాను అంటోంది. పాలు పిండి దాచుకుంటానత్తయ్యా అని కోడలు గొణిగింది. పిండిన పాలు ఎక్కడికి పోతాయో మేం కాపలా కాయాలా అంది అత్త. తలుపు వేసి లేదు. పెద్దాయన తలెత్తకుండా తెగిన గొలుసుకు మాటు పెడుతున్నాడు గాని, ఎదురుగా గోడకున్న అద్దంలో కోడలు రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉండడం, అత్త ఆమె చుట్టూ తిరుగుతూ గుడ్డ బిగించడం, బిగించిన ప్రతిసారీ ఆమె మడమలు నేలమీంచి కాస్త లేవడం కనబడింది. ఆయన బల్ల జరుపుకుని కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏ తలుపూ వేయలేదు. కోడలు ఎక్కడ కూర్చున్నా అత్త పీట అక్కడే. సాయంత్రం కొడుకు వచ్చి విషయం విని, వంటింటి గడపలో నిలబడి, నిజంగా పట్టలేదా అని భార్యను అడిగాడు. ఆమె సీసా కడుగుతోంది. బ్రష్షు సీసాలో తిప్పుతూనే ఉంది. సీసా నేను కడుగుతానులే అన్నాడు వాడు. ఆమె ఇవ్వలేదు.

శుక్రవారం సాయంత్రం కొత్త డబ్బా తూచి పెట్టుకున్నాడు పెద్దాయన. ఇప్పుడు లెక్క మారింది. ఎనిమిదిసార్లు, రెండేసి చెంచాలు, ఎనభై గ్రాములు తగ్గాలి. శనివారం సాయంత్రం డబ్బాను కాటామీద పెట్టి అంకె చూసి, తీసి, మళ్లీ పెట్టాడు. అరవై ఏడు తగ్గింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కట్టు ఊడలేదు. పీట కదలలేదు. ఎనిమిదిసార్లూ సీసా నింపడం భార్య కళ్లారా చూసింది, వేళతో సహా చెప్పింది. దొంగపాలు ఆగిపోతే లోటు పూడాలి. పూడకపోగా పది కాస్తా పదమూడైంది. కాటామీదే అనుమానం వచ్చింది ఆయనకు. ఇలాంటి అనుమానం ఆయనకు జీవితంలో రెండోసారో మూడోసారో. పెట్టెలోంచి వంద గ్రాముల గుండు పట్టకారుతో పట్టి పెట్టాడు. వంద. యాభై పెట్టాడు. యాభై. కాటా అబద్ధం చెప్పడం లేదు. ఆదివారం మళ్లీ తూచాడు. మళ్లీ అరవై ఏడే తగ్గింది.

అప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాడు. మామగారు వంటింట్లోకి వస్తే కోడలు పక్కకు తప్పుకునేది మామూలుగా. ఈసారి తప్పుకోలేదు. పిల్లకు ఆరో పూట పాలు కలుపుతోంది. కాచి ఆర్చిన నీళ్లు సీసాలో గీత దాకా పోసి, గీతను కంటికి సమంగా ఎత్తి చూసింది. చెంచాతో పొడి తీసి, కత్తి వెనకవైపుతో పైన ఒక్క దువ్వు దువ్వింది. ఒక్క రేణువు ఎక్కువ లేదు, ఒక్క రేణువు పల్లం లేదు. కాజాకు సూది దించినట్టు దించి సీసాలో ఒంపింది. రెండోది కూడా అంతే. తన దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన సాయం మనిషికి కూడా అంత నిలకడైన చెయ్యి లేదు అనుకున్నాడు ఆయన. అనుకుంటూ ఉండగానే ఆయన చూపు చెయ్యి మీంచి చెంచా మీదికి జరిగింది.

మొత్తం తూచాడు. మూడుసార్లు, నాలుగుసార్లు, రోజులు మార్చి తూచాడు. చెంచాను మాత్రం తూచలేదు. ఐదు గ్రాములని కాగితంమీద ఉంది గనక ఐదు గ్రాములే అనుకున్నాడు. గిరాకీ నోటిమాటగా చెప్పిన తూకం ఒక్కనాడూ నమ్మని మనిషి, అచ్చులో ఉన్న మాట నమ్మేశాడు.

"ఆ చెంచా ఓసారి ఇవ్వమ్మా" అన్నాడు.

ఇచ్చింది. డబ్బా కూడా తెచ్చి బల్లమీద పెట్టింది. ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఫాను ఆపేసింది. ఆయన కాటామీద చిన్న కాగితం పెట్టి, అంకె సున్నాకు తెచ్చి, పొడి తీయబోతే ఆమె చెంచా వెనక్కి తీసుకుని తానే తీసింది. అదే కత్తి, అదే దువ్వు. నాలుగూ పాయింట్ పదిహేడు. మళ్లీ తీసింది. నాలుగూ పాయింట్ పదిహేను. మూడోసారి నాలుగూ పాయింట్ పద్దెనిమిది. గాజుతలుపుల వెనక ఆ అంకె ఆకుపచ్చగా వెలుగుతూ నిలబడింది.

"ఎంత ఉండాలి?" అంది కోడలు.

"ఐదు."

కాగితంమీది పొడి పారబోయకుండా సీసాలో ఒంపబోయి, అది లెక్కలో లేదని గుర్తొచ్చి ఆగింది. కాసేపు ఆ కాగితాన్ని అలాగే పట్టుకుని నిలబడింది. లోపల పిల్ల ఏడుపు అందుకుంది.

సోమవారం అందరూ ఆసుపత్రికి వెళ్లారు. పెద్దాయన కాటాను తువ్వాలులో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని బస్సెక్కాడు. నిజమైన పసిపిల్ల కోడలి భుజంమీద ఉంది. ఆయన్ని చూసి ఒకావిడ లేచి సీటిచ్చింది, కోడలికి ఇవ్వలేదు. పెద్దాయన కూర్చోలేదు, కోడల్ని కూర్చోబెట్టాడు.

మేడమ్ మొదట వినలేదు. ఆసుపత్రి బల్లమీద బయటి కాటాలు పెట్టకూడదంది. పెద్దాయన, అయితే మీ కాటా తెప్పించండి, నాది తువ్వాల్లోనే ఉంటుంది అన్నాడు. మందుల గదిలోని కాటా తెప్పించారు. అందులోనూ నాలుగూ చిల్లరే వచ్చింది. మేడమ్ ముఖం కాస్త మారింది. స్టోరు మనిషిని పిలిపించింది. ఆయన తాపీగా వచ్చి, ఇందులో దాపరికమేముందండీ అన్నాడు. చెంచాలు డబ్బాల అడుగున పొడిలో కూరుకుపోయి వస్తాయి, జనం వాటికోసం చేతులు పెట్టి కెలికి పొడి పాడుచేస్తున్నారని పైవాళ్లే చెప్పారు, అందుకని జనం తిరిగిచ్చిన ఖాళీ డబ్బాల్లోంచి ఏరిన చెంచాలు కడిగి సొరుగులో వేసుకుని చేతికి ఒకటి ఇస్తాను అన్నాడు. పోయిన ఏడాది వేరే కంపెనీ డబ్బాలొచ్చేవి, ఆ చెంచాలూ అందులోనే ఉంటాయి, చెంచా చెంచానే కదండీ అన్నాడు. సొరుగు తెచ్చి బల్లమీద బోర్లించాడు. తెల్లవి, లేత నీలానివి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పెద్దాయన ఒక్కొక్కటీ రెండు వేళ్ల మధ్య తిప్పి, పెద్దవి ఒక కుప్పగా, చిన్నవి ఒక కుప్పగా వేశాడు. కాటా అవసరం కూడా రాలేదు. చిన్న కుప్పే ఎక్కువుంది.

పొడి చాలకపోతే ఒళ్లు తనను తానే కరిగించుకుంటుందనీ, అప్పుడు తల్లిపాలు తగ్గించినా ఆ పదార్థం రక్తంలో పెరుగుతుందనీ మేడమ్ చెప్పింది. చెబుతూ రిజిస్టరు తీసి, ఆ సొరుగులోంచి చెంచాలు తీసుకెళ్లిన ఇళ్లన్నిటి పేర్లూ వెతకమని నర్సుకు పురమాయించింది. ఫైలులో ఎర్ర ఇంకు వాక్యంమీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన సంతకం పెట్టింది. రాసినది చెరపడానికి రూలు లేదట, కొట్టేయడానికి ఉందట. పిల్ల మడమ మళ్లీ గుచ్చారు. లెక్క శుక్రవారం వస్తుందని, అందాకా తల్లిపాలు వద్దని, సరైన చెంచాతో పొడిపాలే పట్టమని చెప్పి పంపించారు. పెద్దాయన భుజం తట్టి, మీలాంటి పెద్దవాళ్లు ఇంటికొకరు ఉంటే బాగుండునండీ అంది మేడమ్. కోడలు అప్పటికి పిల్లను ఎత్తుకుని గుమ్మం దాటింది.

ఆ వారం వీధిలో పెద్దాయన నడక మారింది. వీసంగారి కాటా గవర్నమెంటు ఆసుపత్రినే తూచేసిందట అని ఇస్త్రీ బండి ఆవిడ అన్నదని కుట్టుమిషను ఆవిడ చెప్పిందట. అదే ఊపులో, నేను ముందునుంచీ అంటూనే ఉన్నాను వదినా, మీ కోడలు అలాంటిది కాదని అన్నదట. పెద్దాయన భార్య ఇది కూడా బిందెతోపాటే మోసుకొచ్చింది. పదిమందీ వచ్చి కాటా చూసి వెళ్లారు. పెద్దాయన విసుక్కోకుండా ప్రతివాళ్లకూ గాజుతలుపులు తెరిచి చూపించాడు. నాలుగూ పాయింట్ పదిహేడు అని చెప్పేటప్పుడు పదిహేడు దగ్గర కాస్త ఆగేవాడు. రసీదు వెనక అంకెలు వేసుకుని తాను ఒంటరిగా బస్సెక్కిన శుక్రవారం సంగతి ఆ కథలో రాలేదు. ఎవరూ అడగలేదు గనక ఆయనా చెప్పలేదు. పిల్ల మాత్రం పూట పూటకూ కడుపు నిండా తాగి, సీసా నోట్లో ఉండగానే నిద్రపోతోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి కబురొస్తే ఆయనే వెళ్లి కాగితం తెచ్చాడు. కొడుకు ఆ రోజు పనికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. కుట్టుమిషను ఆవిడ ఏదో గుడ్డముక్క వంకతో గుమ్మంలో నిలబడి ఉంది. కోడలు వంటింటి గట్టు దగ్గర పాలు కలుపుతోంది.

పెద్దాయన చెప్పులు విప్పకుండానే కాగితం విప్పాడు. లెక్క సగానికి దిగింది. ఉండాల్సినదానికి వచ్చేసింది. వార్డు మాట లేదు, బెంచీ మాట లేదు. మేడమ్ సంతోషించింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ మాట భార్య చేత చెప్పిద్దామనుకుని దారంతా వరసపెట్టుకుంటూ వచ్చాడు గాని, సంతోషంలో ఆయన నోటివెంటే వచ్చేసింది.

"అమ్మాయ్, ఇవాళ్టి నుంచి నీ పాలు మళ్లీ రెండుసార్లు పట్టొచ్చట. మేడమ్ రాసిచ్చింది. ఇదిగో, సంతకం కూడా ఉంది."

భార్య అప్పటికే లోపలి గదిలో చాప పరుస్తోంది. ఇంకా ఆలస్యం దేనికే, ఆ సీసా అక్కడ పెట్టి వచ్చి పిల్లను ఒళ్లో వేసుకో, నేను తలుపు దగ్గరకేస్తాను అంటోంది. కొడుకు ఉయ్యాల్లోంచి పిల్లను తీసి, తల కింద చెయ్యి జాగ్రత్తగా పెట్టి, తెచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. గుమ్మంలో ఆవిడ కళ్లు ఒత్తుకుంటోంది.

కోడలు రెండో చెంచా పొడిమీద కత్తితో దువ్వి, సీసాలో ఒంపి, మూత బిగించి, అరచేతుల మధ్య దొర్లించింది. ముంజేతిమీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకుంది. అప్పుడు పిల్లను అందుకుని మామగారి వైపు తిరిగింది.

"ఎండిపోయాయి మామయ్యా. మీరు కట్టించిన నాలుగో రోజుకే."